అడగకముందే ఇచ్చిన మాట

ఆ ఏడు సిరియా దక్షిణాన మా హౌరాన్‌లో గోధుమ విరగబండింది. ఇంత పంట ఇచ్చిన ఏడే ఇంతమంది పిల్లల్ని తీసుకెళ్ళాలా అని మా అమ్మ చాలాకాలం దేవుణ్ణి నిలదీసింది. ఆయన జవాబు చెప్పలేదు. సిరియాలో పైన కూర్చున్నవాళ్ళెవరూ కిందివాళ్ళకి జవాబు చెప్పిన పాపాన పోలేదు గనక అది మాకు కొత్తగా అనిపించలేదు.

మా అన్న హైసమ్ కోతల కాలంలో కోత మిషను నడిపేవాడు, మిగతా ఏడాదంతా పెళ్ళిళ్ళలో పాడేవాడు. మా వైపు పెళ్ళంటే మగవాళ్ళు భుజం భుజం ఆనించి వరసగా నిలబడి చిందు వేస్తారు. ముందు ఒకడు నిలబడి పాదం అందుకుంటాడు, వరసంతా తిరిగి అంటుంది. వాడు అందుకోకపోతే ఆ పెళ్ళికి కళ రాదని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా వాడికోసం పెళ్ళిరోజులు మార్చుకునేవాళ్ళు. ఆ మార్చిలో శుక్రవారం నమాజు అయ్యాక జనం మొదటిసారి వీధిలోకి వచ్చినప్పుడు ఎవరికీ ఏమని అరవాలో తెలియలేదు. నలభై ఏళ్ళు నోరు మూసుకుని బతికినవాళ్ళకి నినాదాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఎవరో హైసమ్‌ని భుజాలకెత్తుకున్నారు. వాడు తనకొచ్చిన పెళ్ళిపాటే అందుకున్నాడు. పెళ్ళికూతురి పేరు రావలసిన చోట స్వేచ్ఛ అన్నాడు. పిసినారి మామని ఎగతాళి చేసే చోట డమాస్కస్‌లో గద్దె మీదున్నాయన్ని పెట్టాడు. వీధి వీధంతా పగలబడి నవ్వుతూ తిరిగి పాడింది. మా అన్న చేసిన నేరం మొత్తం ఇదే.

మే నెలకల్లా సైన్యం వచ్చి రోడ్ల మీద ఇసుక బస్తాలు పేర్చుకుని కూర్చుంది. పట్నంలో రహస్య పోలీసులుండే ఆ బిల్డింగు నుంచి వాడి గురించి వాకబు మొదలైంది. బిల్డింగు అంటే చాలు, ఏ బిల్డింగో మాలో ఎవరూ అడగరు. హైసమ్ ఇంట్లో పడుకోవడం మానేసి పొలాల్లో మిషను దగ్గరే ఉండిపోయాడు. వాడెక్కడున్నాడో ఊరందరికీ తెలుసు, కానీ ఒక్కరూ నోరు విప్పలేదు. అందుకు మా ఊరికి నేనిప్పటికీ దండం పెడతాను.

ఇక మా నాన్న. అందరూ అబూ హైసమ్, అంటే హైసమ్ తండ్రి, అనే పిలిచేవాళ్ళు. ఎవరైనా మా ఇంటికి ఏదైనా అడగడానికి వస్తే, వాళ్ళలో పెద్దవాడు ముందు పెట్టిన కాఫీ తాగకుండా కప్పు కింద పెడతాడు. మీరు సరేనంటేనే తాగుతాం అని దానర్థం. మామూలు మనుషులు వచ్చిన పనేమిటో కనుక్కుని అప్పుడు సరేనో కాదో చెప్తారు. మా నాన్న అలా కాదు. కప్పు కింద పెట్టడం ఆలస్యం, "తాగండి, మీరొచ్చిన పని అయినట్టే" అనేసేవాడు. ఆ తర్వాత అడిగి తెలుసుకునేవాడు. అలా ఒకసారి మా బావి నీళ్ళు పక్క పొలానికి పోయాయి, ఇంకోసారి పెదనాన్న కొడుకుని పొడిచినవాడికి క్షమాభిక్ష దొరికింది. మూడు ఊళ్ళ అవతల కూడా అబూ హైసమ్ అంటే చేయెత్తి సలాం చేసేవాళ్ళు.

"రేపెవడో వచ్చి నన్నడుగుతాడు, నన్నూ ఇచ్చేస్తావు" అని అమ్మ దెప్పేది.

"నిన్నెవడు అడుగుతాడే? నీ నోటి సంగతి మూడు ఊళ్ళకీ తెలుసు" అనేవాడు నాన్న.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆ వసంతంలోనే పక్క ఊరి షేక్ అబూ సుల్తాన్ గారి కోడలు మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చింది. పిల్లని చూడటానికి ముందు ఆడవాళ్ళే వస్తారు. ఆవిడ నన్ను నడిపించి చూసింది, నా చేతి పెరుగు తిని చూసింది.

"ఎంత గట్టిగా తోడుకుందమ్మాయ్! మా ఇంట్లో పెరుగైతే తాగాల్సిందే" అంది.

"మా నౌఫా చెయ్యి పడితే ఏదైనా గట్టిపడుతుంది. నోరే ఇంకాస్త మెత్తబడాలి" అంది అమ్మ.

ఆవిడ నవ్వి, వెళ్ళేటప్పుడు గుమ్మంలో నా బుగ్గ గిల్లింది. "పొలాలు తెమిలాక మగవాళ్ళు వస్తార్లే" అంది. ఆవిడ కొడుకు తలాల్ డమాస్కస్‌లో వ్యవసాయం చదువుతున్నాడు. వాణ్ణి రెండు పెళ్ళిళ్ళలో దూరం నుంచి చూశాను. నచ్చాడు. దాచుకోవడం దేనికి?

జూన్ మొదట్లో షేక్ గారి దగ్గర్నుంచి నాన్నకి ఫోనొచ్చింది. "పెద్దమనుషుల్ని తీసుకుని వస్తున్నాను, ఒక మంచి పని మీద" అన్నారట. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. ఆ మంచి పని అన్న మాట మేమేమనుకుంటామో తెలిసే అన్నారా, మామూలుగానే అన్నారా అన్నది నేనిప్పటికీ తేల్చుకోలేకపోయాను. మా ఇంట్లో మాత్రం పండగ మొదలైంది. అమ్మ పెరుగులో మాంసం ఉడికించి గోధుమ నూక మీద వంపే మలీహీ వండింది, పెద్ద గదిలో తివాచీలు దులిపింది. నేను ఆకుపచ్చ గౌను ఇస్త్రీ చేసుకున్నాను. బయట జనం చస్తుంటే ఇదేం సంబరమని ఎవరైనా అనొచ్చు. బయట అలా ఉన్నందుకే మాకు ఆ సంబరం కావలసి వచ్చింది.

వాళ్ళు మధ్యాహ్నం నమాజు తర్వాత వచ్చారు. షేక్ గారి వెంట తెల్ల గడ్డాలవాళ్ళు అరడజను మంది దాకా ఉన్నారు. మగవాళ్ళు పెద్ద గదిలో కూర్చున్నారు. నేనూ అమ్మా వంటింటి తలుపు సందులోంచి చూస్తున్నాం. పోయడానికి కొడుకు ఇంట్లో లేడు గనక నాన్నే కాఫీ పోశాడు. షేక్ గారు కప్పు అందుకుని, పెదవికి తాకించకుండా తివాచీ మీద పెట్టారు. మిగతావాళ్ళూ పెట్టారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని పిసికింది.

"అబూ హైసమ్, నీ దగ్గరికి ఒక కోరికతో వచ్చాం" అన్నారు షేక్ గారు.

"మీరు నా గడప తొక్కడమే ఎక్కువ. కాఫీ తాగండి అబూ సుల్తాన్. మీరొచ్చిన పని అయిపోయినట్టే, నా మాట" అన్నాడు నాన్న. ఆ గొంతులో ఎంత సంతోషం ఉందో!

అమ్మ ఇక ఆగలేదు. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, నాలుక ఆడిస్తూ పెళ్ళికేక వేసింది. పక్కింటి డాబా మీంచి వాళ్ళూ అందుకున్నారు. వాళ్ళది విని ఆ పైవీధివాళ్ళు. ఎన్ని వారాలైందో, కాల్పుల్లో పోయిన పెళ్ళికాని కుర్రాళ్ళ శవాల వెనక కాకుండా మా ఊళ్ళో ఆ కేక వినిపించి.

షేక్ గారు ఆ కేక ఆగేదాకా ఆగారు. కాఫీ తాగారు. ఖాళీ కప్పు ఊపి ఇక చాలన్నారు. అప్పుడన్నారు.

"మేం హైసమ్ కోసం వచ్చాం."

నాన్నకి అర్థం కాలేదు. "వాడు ఇంట్లో ఉండటం లేదు కదా, మీకు తెలియనిదేముంది. చెల్లెలి విషయంలో వాడికేం అభ్యంతరం ఉంటుంది? నా మాటే వాడి మాట" అన్నాడు.

"చెల్లెలి విషయం కాదు" అన్నారు షేక్ గారు.

బయట డాబాల మీద ఆడవాళ్ళు ఇంకా కేకలు వేస్తూనే ఉన్నారు. పెద్దమనుషుల్లో ఒకాయన తివాచీ పోగు పీకుతూ కూర్చున్నాడు. అమ్మ చెయ్యి నోటి దగ్గరే ఉండిపోయింది.

షేక్ గారు నెమ్మదిగా చెప్పుకొచ్చారు. బిల్డింగులో పెద్ద ఆఫీసరు తనని పిలిపించాడట. కుర్రాడు తనంతట తాను వచ్చి నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పి, ఇకమీద పాడనని సంతకం పెడితే సాయంత్రానికి ఇంటికి పంపిస్తామన్నాడట. రాకపోతే సైన్యం మా ఊరి మీదికి వస్తుందట. దక్షిణం వైపు ఊళ్ళో పంటకి నిప్పు పెట్టిన సంగతి మా అందరికీ తెలుసు, ఆ పొగ మేమూ చూశాం.

"వాళ్ళొచ్చి పట్టుకెళ్తే వాడు మనకి దక్కడు. మనమే తీసుకెళ్తే నా పూచీ మీద ఉంటాడు. ఇదిగో, నా ముఖం పూచీ" అని షేక్ గారు చేత్తో గడ్డం పట్టుకున్నారు.

మా ప్రాంతంలో ఒక పెద్దమనిషి ముఖం పూచీ పెట్టాడంటే, ఆ మనిషికి ఏమైనా అయితే ఆ పెద్దమనిషి ఇక నలుగురిలో తలెత్తలేడు. కోర్టు కాగితాలు చెల్లని చోట కూడా అది చెల్లేది. మా తాతల కాలం నుంచీ చెల్లింది. బిల్డింగులో కూర్చున్నవాళ్ళకి మాత్రం ముఖాలంటే లెక్క లేదు. ఆ సంగతి తెల్ల గడ్డాలవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

"మీరు నా కొడుకుని అడుగుతున్నారు" అన్నాడు నాన్న.

"నీ కొడుకుని కాపాడుకోమని అడుగుతున్నాను."

ఆ క్షణంలో నాన్న కాదనాల్సిందని తర్వాత చాలామంది అన్నారు. నేనూ అనుకున్నాను, గుండె మండి, పళ్ళు కొరుక్కుని మరీ అనుకున్నాను. కానీ ఆయన జన్మలో ఎవరికీ కాదని చెప్పలేదు. ఆ మాట ఎలా మొదలుపెడతారో కూడా ఆయనకి తెలిసినట్టు లేదు. ఖాళీ కప్పులు ఏరుకుని, "భోజనం చల్లారిపోతుంది, లేవండి" అన్నాడు. వాళ్ళు తిన్నారు. నా పెళ్ళిమాటలకని వండిన మలీహీ అంతా తిన్నారు.

సాయంత్రం నాన్న, నేను అన్నం డబ్బా పట్టుకుని పొలానికి వెళ్ళాం. వెంట ఆడపిల్ల ఉంటే సైనికులు ఎక్కువ అడగరు. కోత మిషను నీడలో హైసమ్ ఒంటినిండా పొట్టుతో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచాడు.

"కేకలు ఇక్కడిదాకా వినిపించాయి! ఏమే నౌఫా, ఖాయమైపోయిందా? మిషను చుట్టూ ఒక్కణ్ణే చిందు వేశాను తెలుసా? ఆ పిచ్చుకలన్నీ నన్ను చూసి పారిపోయాయి."

నేను అన్నం డబ్బా వాడి ముందు పెట్టాను. నాన్న వాణ్ణి కూర్చోమని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. తన తప్పు ఎక్కడా తగ్గించుకోలేదు. హైసమ్ వింటూ గోధుమ కంకి ఒకటి అరచేతిలో నలిపి గింజలు నోట్లో వేసుకున్నాడు.

"ఏం అడుగుతారో వినకుండానే ఇచ్చేశావా నాన్నా?"

"ఇచ్చేశాను."

"అయితే నౌఫాని చూడ్డానికొచ్చి నన్ను ఖాయం చేసుకెళ్ళారన్నమాట. నేనంత అందగాణ్ణా?"

వాడే మళ్ళీ అన్నాడు. "ఈ వారంలోనే వాగు దాటి జోర్డాన్‌లో పిన్ని వాళ్ళింటికి పోదామనుకున్నాను. దాటించేవాడితో మాట్లాడి పెట్టాను కూడా."

"అయితే వెళ్ళు. ఇవాళే వెళ్ళు. వాళ్ళకి నేను చెప్పుకుంటాను" అన్నాడు నాన్న. ఆ మాట పైపైన అనలేదు, నిజంగానే అన్నాడు. కానీ తల దించుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఆయన అలా అంటుంటే వాగు దాటి పోగలిగే కొడుకు ఉండడు.

"పారిపో హైసమ్. మాట పోతే పోయింది" అన్నాను నేను. నాన్న నన్ను కసరలేదు.

"నీకేం తల్లీ, నువ్వు మాటలు బాగానే చెప్తావు. అబూ హైసమ్ మాట తప్పాడని ఊరూరా పాట కడతారు. ఆ పాటలు కట్టేవాణ్ణి నేనే కదా, అవి ఎంత దూరం పోతాయో నాకు తెలీదా?" అని వాడు డబ్బా మూత తీశాడు. "ఇదేంటి, మలీహీలో మాంసం ఒక్క ముక్కా మిగల్చలేదు ముసలోళ్ళు."

మర్నాడు పొద్దున షేక్ గారి కారులో వెనక సీట్లో ఇద్దరు పెద్దమనుషుల మధ్య కూర్చుని వెళ్ళాడు. జూన్ ఎండలో అమ్మ వాడి ఒళ్ళో ఉన్ని స్వెట్టరు పడేసింది. సాయంత్రానికి వచ్చేవాడికి స్వెట్టరెందుకని ఎవరూ అడగలేదు.

సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. షేక్ గారు రోజూ వెళ్ళి బిల్డింగు గేటు దగ్గర నిలబడేవారట. మొదట్లో రేపన్నారు, తర్వాత ఏ కుర్రాడన్నారు, ఆ తర్వాత గేటు దాకా కూడా రానివ్వలేదు. మా గోధుమ ఎవరో కోసి పెట్టారు. ఎవరు కోశారో, ఎన్ని బస్తాలయ్యాయో నాన్న పట్టించుకోలేదు. అమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. ఒక్కసారి మాత్రం, ఆయన నమాజు చాప మీద ఉండగానే ముందుకొచ్చి నిలబడింది.

"నీ మాట నిలబడింది. నా కొడుకేడీ?"

నాన్న కూర్చునే చాప అంచు సర్దుకున్నాడు.

"ఇంకా దేనికి కూర్చున్నావు? నల్లగుడ్డ ఎగరెయ్యి. ఆ ముసలాడి ముఖం నల్లబడాలి. ఊరూరా తెలియాలి!"

పూచీ పడినవాడు పూచీ నిలబెట్టుకోకపోతే, నష్టపోయినవాడు ఇంటి మీద నల్లగుడ్డ ఎగరేసి ఆ పెద్దమనిషి పేరు గట్టిగా చెప్తాడు. దాంతో ఆయన కథ ముగిసినట్టే. కానీ ఆ పని ఎవరూ తొందరపడి చెయ్యరు. ఇక పోయిన మనిషి రాడని తేలాకే ఎగరేస్తారు. అందుకే నాన్న వెనకాడాడు. అమ్మ వినలేదు. తన నల్ల గౌను ఒకటి నడుం దగ్గర నుంచి చింపి కర్రకి కట్టింది. డాబా మెట్లు సగం ఎక్కేసరికి పక్కింటావిడ గోడ మీంచి అరిచింది.

"ఉమ్మ్ హైసమ్! టీవీ పెట్టు! మీవాడు, మీవాడు టీవీలో!"

మా టీవీని ఏప్రిల్ నుంచి అమ్మ గోడ వైపు తిప్పి పెట్టింది. ఊళ్ళో చనిపోయిన పిల్లలంతా సాయుధ ముఠాలని ఆ సర్కారు టీవీ చెప్పిన రోజున, "వీడి నోట్లో మన్ను పడ" అని దాని వీపు మాకు చూపించేసింది. ఇప్పుడు నేనూ నాన్నా దాన్ని ఇటు తిప్పాం. హైసమ్ ఒక బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. గడ్డం గీశారు, జుట్టు తడిపి దువ్వారు. కుడిచెయ్యి బల్ల కిందే ఉంది. పెళ్ళిళ్ళలో ఊళ్ళకి ఊళ్ళని నవ్వించిన మా అన్న బడి పుస్తకంలో పాఠం అప్పజెప్తున్నాడు.

"నేను విదేశీ శక్తుల నుండి ఆయుధములు స్వీకరించితిని. వివాహ గీతములను సంకేతములుగా ఉపయోగించితిని. నా తండ్రి గృహమునకు విచ్చేసిన పెద్దలే నాకు ఆదేశములు తెచ్చిరి..."

ఆ కాఫీ, ఆ తెల్ల గడ్డాలు, మా అమ్మ పెళ్ళికేక, అన్నీ కలిపి వాళ్ళు ఒక కుట్ర కథ అల్లారు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అమ్మ టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని తెర మీద వాడి చెంపని నిమిరింది.

"బతికున్నాడు. చూశావా నౌఫా, బతికే ఉన్నాడు! కాస్త చిక్కాడు, అంతే. పక్కన నీళ్ళ గ్లాసు కూడా పెట్టారు. చూడు, గ్లాసు ఉంది."

"వాడి కుడిచెయ్యి..." అన్నాడు నాన్న.

"నోర్ముయ్! నా కొడుకు మాట్లాడుతుంటే అడ్డం రాకు."

ఆ రోజు అమ్మ నాన్నకి అన్నం పెట్టింది. నల్లగుడ్డ కర్రనుంచి విప్పి మడిచింది. "పాపం ఆ పెద్దాయన్ని ఏమీ అనకండి, వాణ్ణి బయటికి తేగలిగినవాడు ఆయనొక్కడే" అంది. టీవీ ఇక గోడ వైపు తిరగలేదు. వాణ్ణి మళ్ళీ చూపిస్తారేమోనని పొద్దున్నించి పడుకునేదాకా అమ్మ ఆ అబద్ధాలన్నీ ఓపిగ్గా వినేది.

జులై చివర్లో, నేనూ నాన్నా కళ్ళంలో గడ్డి బస్తాలకెత్తుతుంటే తలాల్ వచ్చాడు. మొదట గుర్తు పట్టలేదు. నేను దూరం నుంచి చూసి ముచ్చటపడ్డ కుర్రాడికీ ఈ మనిషికీ పోలికే లేదు. చేతులు రెండూ ఛాతీకి ఆనించుకుని నడుస్తున్నాడు, వేళ్ళు ముడుచుకోవడం లేదు. డమాస్కస్‌లో పరీక్షలు రాస్తున్నాడని వాళ్ళింట్లో అందరికీ చెప్పుకున్నారు. వాడు ఆ మే నుంచీ బిల్డింగులోనే ఉన్నాడట.

"కూర్చో నాయనా. ఏమైనా తిన్నావా?" అన్నాడు నాన్న.

"కూర్చోలేను బాబాయ్, నిలబడే చెప్తాను. తాత వెళ్ళొద్దన్నారు. నేనే వచ్చాను." వాడు నావైపు చూడలేదు. "హైసమ్ వస్తే నన్ను వదిలేస్తామని వాళ్ళు తాతతో అన్నారట. అది నాకు బయటికొచ్చాక తెలిసింది. వాడొచ్చాక కూడా నన్ను వదల్లేదు. ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం."

నాన్న బస్తా అంచు పట్టుకునే ఉన్నాడు.

"టీవీది వెళ్ళిన మర్నాడే తీశారు. తర్వాత పాడమన్నారు బాబాయ్. శుక్రవారం వీధిలో పాడిన పాటే, స్వేచ్ఛ అన్నచోట వాళ్ళ నాయకుడి పేరు పెట్టి పాడమన్నారు. వాడు అందుకునేవాడు. గొంతు బాగానే ఉండేది. ఆ పేరు రావలసిన చోటికి వచ్చి ఆగిపోయేవాడు. మళ్ళీ మొదట్నుంచి పాడించేవాళ్ళు. మళ్ళీ అక్కడే ఆగేవాడు." తలాల్ మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "శుక్రవారం కూడా రాకముందే పోయాడు. నా పక్కనే."

"టీవీలో మేం చూసినప్పుడు..."

"అప్పటికే వాడు లేడు బాబాయ్."

నాన్న బస్తా వదిలేశాడు, గడ్డి అంతా నేల మీద పోయింది. నేను ఏడ్చాననే అనుకుంటాను, గుర్తు లేదు. నాన్న తలాల్ భుజం మీద చెయ్యి వేసి, ఆ చేతులు డాక్టరుకి చూపించుకో నాయనా అన్నాడు. వాడు వెళ్ళిపోయాక నాన్న నావైపు తిరిగాడు.

"మీ అమ్మకి తెలియకూడదు."

"ఎన్నాళ్ళు?"

"ఆవిడున్నన్నాళ్ళు. ఆవిడ దగ్గర్నుంచి ఒకసారి తీసుకున్నాను. మళ్ళీ తీసుకోలేను."

షేక్ గారి మనవడు ఇంటికొచ్చాడన్న వార్త ఎంతసేపు దాగుతుంది? హైసమ్‌ని ఇచ్చి తలాల్‌ని తెచ్చుకున్నారని ఊరు కోడై కూసింది. మా పెదనాన్న కొడుకులు, వాళ్ళ స్నేహితులు పెద్ద గది నిండా వచ్చి కూర్చున్నారు. ఇక ఆగేదేంటి, నల్లగుడ్డ ఎగరేద్దాం అన్నారు.

"హైసమ్ లోపలున్నాడు. టీవీలో చూశాం కదా. అబూ సుల్తాన్ పూచీకి ఇంకా గడువుంది" అన్నాడు నాన్న. తలుపు అవతల అమ్మ వింటోందని ఆయనకి తెలుసు.

"టీవీనా? నువ్వు కూడా ఆ టీవీ నమ్ముతున్నావా బాబాయ్?"

"నమ్ముతున్నాను."

వాళ్ళలో ఒకడు లేచి నిలబడ్డాడు. "మాట కోసం కొడుకునిచ్చిన మగాడివని ఇన్నాళ్ళూ నీ చెయ్యి ముద్దు పెట్టుకున్నాం. ఇప్పుడు ఆ ముసలాడికి భయపడి నక్కావు. ఎంత ముట్టిందేంటి?" అన్నాడు. మిగతావాళ్ళు వాణ్ణి వారించలేదు. ఒక్కొక్కరే లేచి, సలాం కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాత మా పెద్ద గదికి ఏదైనా అడగడానికి ఎవరూ రాలేదు. నాన్న మసీదులో వెనక వరసలో నిలబడి నమాజు చేసుకుని వచ్చేవాడు. పరువు కోసమే బతికిన మనిషి దాన్ని అమ్మ ఆశ కోసం వదులుకుని ఊరుకున్నాడు. ఇది ఎవరికీ చెప్పుకోలేడు గనక నేను చెప్తున్నాను.

రంజాన్ వెళ్ళాక, ఆలివ్‌లు నల్లబడుతున్న రోజుల్లో షేక్ గారు ఒక్కరే వచ్చారు. పరువు పోయిందని ఒప్పుకునేవాడిలా తలకి గుడ్డ చుట్టుకోలేదు. మనిషి సగమైపోయాడు. నాన్న ఎదురెళ్ళి లోపలికి తీసుకొచ్చాడు. ఎన్నడూ మగవాళ్ళ గదిలోకి రాని అమ్మ ఆ రోజు తిన్నగా వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"అబూ సుల్తాన్ గారూ, వాడెప్పుడొస్తాడు?"

ఆయన నాన్న వైపు చూశారు. తలాల్ మాకు చెప్పిన సంగతి ఆయనకి తెలుసని నాకప్పుడు అర్థమైంది. నాన్న రెప్ప కూడా వెయ్యలేదు.

"దగ్గర్లోనే, ఉమ్మ్ హైసమ్. దేవుడు తలిస్తే" అన్నారు షేక్ గారు.

"స్వెట్టరు వేసుకుంటున్నాడా? ఇక చలి మొదలవుతుంది."

"వేసుకుంటున్నాడు."

నాన్న పక్కనే కూర్చుని ఇదంతా విన్నాడు. తన కొడుకుని తీసుకెళ్ళిన మనిషి తన ఇంట్లో, తన తివాచీ మీద, తన భార్యకి అబద్ధం చెప్తుంటే, "మా ఇంటికొచ్చి పెద్ద మేలు చేశారు" అన్నాడు. ఆ ముసలాయన్ని చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది నాకు. అంతలోనే ఆయన గడ్డం వణకడం కనిపించింది, దాంతో ఆ కోపం కూడా నాకు పూర్తిగా దక్కలేదు.

అమ్మకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. "మీ తలాల్ వచ్చాడటగా, చల్లని కబురు. మీ కోడలు అడిగిన సంగతి నేను మర్చిపోలేదండీ. మా పిల్ల మీ ఇంటి పిల్లే. కానీ హైసమ్ రావాలి. అన్న లేకుండా పిల్లనెలా సాగనంపుతాను? కాస్త ఆగమని మీ వాళ్ళకి చెప్పండి."

"ఆగుతారు" అన్నారు షేక్ గారు.

"ఏమే నౌఫా, నువ్వేమంటావు? వాడొచ్చాకే కదా?"

నాన్న తల దించుకున్నాడు. షేక్ గారు గోడ వైపు చూస్తున్నారు.

"వాడొచ్చాకే అమ్మా" అన్నాను.

తలాల్ ఇప్పుడు జర్మనీలో ఉన్నాడట, ఇద్దరు పిల్లలట. తర్వాత మేమూ వాగు దాటాం, నాన్నని జోర్డాన్‌లోనే పాతిపెట్టాం. నాకు ముప్ఫై ఆరేళ్ళు. ఆ మధ్య డిసెంబరులో డమాస్కస్‌లో గద్దె కూలి, జైళ్ళ తలుపులు బద్దలుకొట్టారని వార్తొచ్చిన పొద్దున అమ్మ అందరికన్నా ముందు లేచింది. నా పెళ్ళి బట్టలు పెట్టెలోంచి తీసి ఒక్కొక్కటే దులిపి ఎండలో ఆరేసింది. నేను అడ్డు చెప్పలేదు. సాయంత్రం మంచు పడుతుందని అవన్నీ తీసి, మడతపెట్టి, మళ్ళీ పెట్టెలో సర్దాను.